వదినా, ఆ డబ్బలు షోకేసుల పెడ్తవా?

వదినా, ఓ వదినా! బట్టలు తర్వాత ఆరేద్దువుగని, గోడ కాడికి రా ఒక్క నిమిషం. మా అల్లుడు పొద్దుగాల ఫోన్ల ఫొటో చూపెట్టి పోయిండు. తెల్లటి స్పీకర్లు, పక్కలకు టేకు చెక్క, నడుమ రాగి రంగు చుట్టు. మంచిగున్నయ్, కాదంటలేను. ఎక్కడ పెడ్తరురా అని అడిగితే షోకేసుల అన్నడు. ఆ అద్దం తలుపుల షోకేసుల! అన్న రిటైరయినప్పటి షీల్డు ఒక దిక్కు, బాసర సరస్వతమ్మ బొమ్మ ఒక దిక్కు, నడుమ ఈ రెండు డబ్బలు ఇరికిస్తరట.

ఆ డబ్బను ఎన్కకు తిప్పి చూడు. చాలా వాటికి గుండ్రటి బొక్క ఉంటది. లోపలి గాలి అండ్లకెల్లి వస్తూ పోతూ ఉంటేనే తబలా ఎడమ చెయ్యి దెబ్బ నిండుగ వినబడ్తది. తీసుకపోయి షోకేసు చెక్కకు ఆనిస్తే ఏ పాట పెట్టినా ఒక్కటే బుయ్‌మంటది, పైన అద్దాల గలగల. గోడకు జానెడన్న ఎడం ఉండాలె. బొక్క ముంగట ఉన్నవి దొరుకుతయ్, అస్సలు బొక్కే లేనివి దొరుకుతయ్. జాగ తక్కువున్న ఇంటికి అవే నయం.

ఇంత చిన్న డబ్బల ఏమొస్తది అంటవా? మా నాయన వజీరాబాద్‌ల రేడియోలు బాగు చేసేటోడు గదా, ఇవన్ని ఆయన దుకాణంల కూసుంటే చెవిల పడ్డయే. వెనకట నిండు సౌండు కావాలంటే బీరువా అంత పెట్టె కావాల్నట. 1954ల అమెరికాల ఎడ్గర్ విల్చర్ అనేటాయన పెట్టెను అన్ని దిక్కుల బిగించేసి, లోపలి గాలితోటే స్ప్రింగు పని చేయించుకున్నడు. కోను ముందుకు పోయినా ఎన్కకు పోయినా ఆ గాలే దాన్ని మళ్ల జాగకు తెస్తది. ఆ ఉపాయంతోటే పెట్టె అల్మారి అరల పట్టేంత అయింది. 1970లల్ల బీబీసోళ్లు బయట రికార్డింగులకు తిరిగే వ్యాన్లకని ఎల్‌ఎస్ 3/5ఎ అని ఒకటి తయారు చేసుకున్నరు. అడుగెత్తు ఉంటది, అంతే. మనిషి గొంతు ఉన్నదున్నట్టు వినుడే దాని పని. ఇప్పటికి దానికోసం ఎగబడేటోళ్లు ఉన్నరు. మన దేశంల కూడ తక్కువేం లేదు, కలకత్తాల సోనోడైన్ 1970లనే మొదలుపెట్టిన్రు.

కాకపోతే చిన్నదానికి దాని హద్దు దానికి ఉంటది. ఐదించుల కోనును యాభై అరవై హెర్ట్జ్ కిందికి దిగమంటే దిగదు. నిమజ్జనం డీజే లెక్క ఛాతి అదరాలె అని మా అల్లునికి ఉంటే సబ్‌వూఫర్ వేరే కొనాలె. ఆ ముచ్చట మాత్రం నా ముంగట తీయకు.

మన ఇండ్లు చూడు ఒకసారి. కింద షాబాద్ బండలు, మీద స్లాబు, గోడలకు రంగు తప్ప ఇంకేం లేదు. హాలు నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టు, ఠంగుమని తిరిగొస్తది. అట్లాంటి గదిల లక్ష రూపాయల డబ్బ పెట్టినా పాటల మాట మీద మాట పడ్తది. కింద సత్రంజి పరువు, కిటికీకి బరువు పరద కట్టు. నన్నడిగితే స్పీకర్ల పైసలల్ల కొన్ని తీసి ముందుగల్ల పరదలకే పెట్టు అంట. ఇంగ, మీద చిన్న బిళ్ల ఉంటది చూడు, ట్వీటర్ అంటరు, దివాన్ మీద కూసుంటే అది నీ చెవి ఎత్తుకు రావాలె. సన్నటి సౌండు సూటిగ పోతది. మీది అరల పెడితే నీ నెత్తి మీదికెల్లి పోయి గోడకు తగుల్తది. ఫొటోల జాలి లేకుంట ఆ బిళ్ల మెరుస్తున్నది, స్టైలే. కని మీ మనుమరాలు ఇంట్లకు వచ్చిన గంటల దాంట్ల ఏలు పెట్టి సొట్ట చేస్తది, రాసి పెట్టుకో. జాలి ఉన్నదే తీసుకోన్రి.

దుకాణాయన వెయ్యి వాట్లు అంటే నవ్వి ఊకో. టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ అని రాసేటోళ్లు, యాదికున్నదా? అది రెప్పపాటు లెక్క. ఆర్‌ఎంఎస్ ఎంత అని అడుగు. సెన్సిటివిటీ కూడ అడుగు: ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంల ఎన్ని డెసిబెల్‌లు వస్తయని. ఒకటి 84, ఇంకోటి 90 అనుకో. ఆరే గదా తేడా అనిపిస్తది. మూడు డెసిబెల్‌లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలె. అంటే 84 దానికి నాలుగింతలు తినిపిస్తే గని 90 దాని సౌండు రాదు. ఈ తిప్పలే వద్దంటే యాక్టివ్‌వి తీసుకోన్రి, ఆంప్లిఫయర్ లోపలనే ఉంటది, ఫోన్‌ను బ్లూటూత్‌తోటి కలిపితే అయిపాయె. మీ ఇంటికి అవే సరి.

బేరం చేసే ముందు ఘంటసాల పాట పెట్టమను. మాయాబజార్‌వి మంచియి, 1957ల వచ్చినవి, మోనో. అంటే రెండు డబ్బలల్ల వచ్చేది ఒక్కటే. మా తాత మిల్లు నుంచి వచ్చి హైదరాబాద్ రేడియో పెట్టుకునేటోడు, ఒక్క స్పీకర్‌తోటే, ఆయనకేం తక్కువ కాలే. నువ్వు రెండు డబ్బలకు సమానంగ, ముక్కోణం పడేటట్టు కూసో. గొంతు ఎడమ దిక్కుకెల్లి రావొద్దు, కుడి దిక్కుకెల్లి రావొద్దు. నడుమ ఏమీ లేని జాగల మనిషి నిలబడి పాడినట్టుండాలె. కండ్లు మూసుకుంటే ఇగో ఇక్కడున్నడని ఏలు పెట్టి చూపియ్యొచ్చు. అట్ల గాక గొంతు గదంత చెదిరి, దరువు పలుచబడ్డదనుకో, డబ్బను తిట్టకు, ఎన్క తీగలు చూడు. ఒకదాని ఎర్ర తీగ నల్లదాంట్ల చొచ్చి ఉంటది. ఒక కోను ముందుకొస్తే ఇంకోటి ఎన్కకు పోతది, ఒకదాని సౌండు ఒకటి మింగేస్తయ్. తీగలు మార్చినవా, ఘంటసాల మళ్ల నడుమకొస్తడు. స్పీకర్ కాలిపోయిందని మోసుకొచ్చినోళ్లకు మా నాయన తీగ మార్చి పంపేటోడు, దానికి పైసలు తీసుకోకపోయేది.

తర్వాత అన్నకు ఇష్టమైన భీమ్‌సేన్ జోషీ అభంగ్ పెట్టు. తాళాలు ఖణఖణమనాలె గని చెవిల గుచ్చొద్దు. దుకాణంల ఐదు నిమిషాలు విన్నప్పుడు గుచ్చేదే హుషారుగ అనిపిస్తది. ఇంటికొచ్చి గంటసేపు వింటే తల నొస్తది.

ఇంకోటి, ఇది నా స్వార్థం. ఏమన్న చెయ్యి, ఈ నడిమి గోడ పొంటి మాత్రం పెట్టకు. సన్నటి సౌండును గోడ ఆపుతది, దుమ్‌దుమ్‌ను ఆపలేదు. మీరు వినేది పాట, మాకొచ్చేది ఒట్టి దరువు. ఇండ్లున్న జాగల రాత్రి పది నుంచి పొద్దుగాల ఆరు దాక 45 డెసిబెల్‌లు దాటొద్దని 2000 నాటి రూల్సులల్లనే ఉన్నది, పగలు 55. గణపతి పండుగకు ఎవ్వడు వింటడు గని, రాసైతే ఉన్నది.

ఫొటో చూసి బుక్ చెయ్యనియ్యకు వాన్ని. వచ్చే నెల పెండ్లికి హైదరాబాద్ పోతనే ఉన్నం గదా, ఒక పూట కోఠి గుజరాతీ గల్లీల తిరుగుదాం. ఏ దుకాణంల కూసోబెట్టి వినిపిస్తరో అండ్లనే కొందాం. దేవగిరి రైలుకు టికెట్లు మా ఆయనతోటి తీయిస్త. పెన్‌డ్రైవ్ నువ్వే తే, మాదాంట్ల అన్ని పిల్లల పాటలే ఉన్నయ్.