బొర్రా కొండల్లో బంతాట... చదును జాగా ఎక్కడ?

విశాఖలో పొద్దున్నే కిరండోల్ రైలెక్కే కుటుంబాల సంచుల్లో పులిహోర డబ్బా, స్వెటర్లు, మంకీక్యాపులు ఎప్పుడూ ఉండేవే. ఈమధ్య కొందరి సంచుల్లో వీటితోపాటు నాలుగు పొట్టి బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతులు కూడా చేరుతున్నాయి. అదే పికిల్‌బాల్! గుహలు చూసేశాక, బొంగు చికెన్ ఉడికేలోగా ఓ ఆట ఆడుకుందామని పిల్లల సరదా. సరదా బాగానే ఉంది. మరి ఆ కొండల్లో కోర్టు ఎక్కడ?

పేరులో ఊరగాయ ఉంది కానీ ఈ ఆటకీ ఆవకాయకీ ఏ సంబంధమూ లేదు. 1965 వేసవిలో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టింది. జోయెల్ ప్రిచర్డ్ అనే ఆయన ఇంటి దగ్గర పాత షటిల్ కోర్టు ఉండేది. ఆడదామంటే సరైన సామాను లేదు. దాంతో ఆయనా, స్నేహితుడు బిల్ బెల్ కలిసి దొరికిన బ్యాట్లూ, చిల్లుల బంతీ ఇచ్చి ఇంటిల్లిపాదినీ ఆడించారు. బంతి నేలమీద బాగానే లేస్తోందని తెలిశాక నెట్టును కిందికి దించారు. అంటే ఉన్నదాంతో సర్దుకోవడంలోంచే ఆట పుట్టిందన్నమాట. మన దగ్గరా ఇప్పుడు దీనికి గుర్తింపు ఉంది. భారత పికిల్‌బాల్ సంఘాన్ని కేంద్ర క్రీడాశాఖ 2025లో జాతీయ సమాఖ్యగా గుర్తించింది.

కోర్టు వేటలో పనికొచ్చే రహస్యం ఆ పాత షటిల్ కోర్టులోనే ఉంది. పికిల్‌బాల్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. డబుల్స్ షటిల్ కోర్టుదీ సరిగ్గా ఇదే కొలత! తేడా అంతా నెట్టులోనే. షటిల్ నెట్టు మధ్యలో 5 అడుగుల ఎత్తుంటే, దీనికి 34 అంగుళాలు చాలు. నెట్టుకు రెండువైపులా 7 అడుగుల మేర 'కిచెన్' అనే జాగా ఉంటుంది. అక్కడ నిలబడి బంతిని నేల తాకకుండా గాల్లోనే కొట్టకూడదు. షటిల్ కోర్టులో ముందు గీత ఆరున్నర అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి, ఇంకో అరడుగు వెనక్కి సుద్దముక్కతో గీసుకుంటే సరి. అందుకే 'పికిల్‌బాల్ ఉందా?' అని అడిగి నిరాశపడేకంటే 'షటిల్ కోర్టు ఉందా?' అని అడగడం నయం. అరకులోని పర్యాటక శాఖ హరిత విడిదికైనా, మరో బసకైనా గది ఖాయం చేసుకునేటప్పుడే ఈ ప్రశ్న వేసేయాలి.

కొండెక్కకముందే ఆడాలనుకునేవాళ్లకి విశాఖ ఉండనే ఉంది. తెల్లవారుజామున వాహనాలు ఆపి నడకకు వదిలే ఆర్కే బీచ్‌రోడ్డు అసలైన ప్రజా మైదానం. పిల్లల స్కేటింగూ, పెద్దల షటిలూ అన్నీ అక్కడే. కాకపోతే సముద్రపు గాలి జోరందుకుంటే చిల్లుల బంతి చెప్పిన మాట వినదు.

ఇక అసలు చిక్కు కొండమీద. కొత్తవలస-కిరండోల్ మార్గంలో పట్టాలు వేయడానికే 58 సొరంగాలు తవ్వాల్సివచ్చిందంటే, ఇక్కడ చదునునేల ఎంత అపురూపమో ఊహించుకోవచ్చు. బొర్రా దాటాక శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి సుమారు 997 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇలాంటి చోట పట్నంవాళ్ల కంటికి ఖాళీగా కనిపించే ప్రతి చదును జాగాకీ ఓ పని ఉంటుంది. ఒకటి వారం వారం సంత జరిగే చోటు, ఇంకొకటి చోళ్లు నూర్చే కళ్లం, మరొకటి పండగనాడు థింసా ఆడే చోటు. నున్నటి సిమెంటు గచ్చు కనిపించిందా... అచ్చం కోర్టులాగే ఉంటుంది, అక్కడే జాగ్రత్త! నవంబరు నుంచి జనవరి వరకు కాఫీ కోతల కాలం. ఆ గచ్చు గింజలు ఆరబోసుకోవడానికి కట్టుకున్నది. పర్యాటకుల తాకిడి ఎక్కువుండేదీ ఆ నెలల్లోనే. బూట్లతో అక్కడ పరుగులు తీస్తే పాడయ్యేది ఓ కుటుంబం ఏడాది పంట.

'జాగా ఎవరిది?' అన్న ప్రశ్నకి బొర్రాలో చాలా బరువుంది. ఇక్కడి కొండల్లో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజులపైనే 'సమత' అనే సంస్థ న్యాయపోరాటం చేసింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది... షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అంతకుముందే 1970 నాటి చట్టం ఉంది. పట్నాల్లోలాగా ఎవరో వచ్చి ఎకరం కొని, కంచె వేసి, గంటకింతని కోర్టు అద్దెకిచ్చే వ్యాపారం ఇక్కడ కుదరదు. ఆడేవాళ్లకి ఇది ఇబ్బందే కావచ్చు. కానీ ఆ కళ్లాలు ఇంకా ఊరివాళ్ల చేతుల్లో ఉన్నాయంటే ఆ చట్టం, ఆ తీర్పు చలవే.

మరి మిగిలిందేమిటి? బడి మైదానం. సెలవు రోజుల్లో, హెడ్మాస్టరునో ఊరి పెద్దలనో అడిగి, సరేనంటేనే దిగాలి. మడతపెట్టే నెట్టు, కొలటేపు, సుద్దముక్కలు వెంట ఉంటే పావుగంటలో కోర్టు సిద్ధం. మట్టినేలమీద బంతి సరిగా లేవదు, గట్టిగా ఉన్నచోటే ఎంచుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో తొందరపడి పొద్దున్నే మొదలుపెట్టొద్దు. మంచుకి నేల జారుతుంది, చలికి బంతులు పెళుసెక్కి పగులుతాయి. పొగమంచు విడిచి ఎండ కాస్త వెచ్చబడ్డాక ఆడితే ఒంటికీ హాయి. గుహల ముంగిట మాత్రం సంచి విప్పొద్దు. అక్కడి కోతులకి పసుపుపచ్చ బంతికీ బత్తాయికీ తేడా తెలిసేసరికి బంతి చెట్టెక్కేస్తుంది!

గీతలు గీస్తుంటేనే ఊరి పిల్లలు చుట్టూ మూగుతారు. నలుగురాడే ఆటకి నాలుగే బ్యాట్లు తీసుకెళ్తే చాలవు. ఇంకో రెండు సంచిలో పడేసుకోండి.