అవైలబుల్ అంటే ఏంటి?

నేను తెలుగు సరిగ్గా నేర్చుకోవాలి అనుకున్నది ఒక తప్పు వల్ల. ఆ తప్పు నాదే.

మేం కెంటకీలో, లూయీవిల్‌లో ఉంటాం. అమ్మ ఒక రెస్టారెంట్‌లో వంట పని చేసేది. 2020 మార్చి 16న మా రాష్ట్రంలో రెస్టారెంట్లలో కూర్చుని తినడం ఆపేశారు. అమ్మ పని పోయింది. కంప్యూటర్‌లో నిరుద్యోగ భృతికి అప్లై చేసింది. ఇది దానం కాదు. యజమానులు కట్టే పన్నుతో నడిచే బీమా.

ఒకసారి అప్లై చేస్తే సరిపోదు. మళ్ళీ మళ్ళీ కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. వాటిలో ఒకటి: మీరు పని చెయ్యగలరా, పనికి అవైలబుల్‌గా ఉన్నారా?

అమ్మ నాకు ఫోన్ చేసింది. "అవైలబుల్ అంటే ఏంట్రా?"

"దొరుకుతుందా అని, అమ్మా."

"పని ఎక్కడ దొరుకుతుంది? హోటలే మూసేశారుగా" అంది. 'నో' అని నొక్కింది. డబ్బు ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో మాకు తెలీదు. అడుగుదామంటే ఎదురుగా మనిషి లేడు. మా రాష్ట్రం 2017లోనే చాలా ఆఫీసులు మూసేసి, పనిని ఫోనుకీ ఇంటర్నెట్‌కీ మార్చింది. 2020 జూన్‌లో రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జనం గంటల తరబడి లైన్లో నిలబడ్డారు. అమ్మకి షుగర్ ఉంది. ఆ గుంపులోకి తీసుకెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు.

2021 ఏప్రిల్‌లో 13 ప్రాంతీయ ఆఫీసుల్లో మళ్ళీ మనుషుల్ని కూర్చోబెట్టారు. అపాయింట్‌మెంట్ ఉంటేనే లోపలికి. మాకూ ఒకటి దొరికింది.

అక్కడ ఒకావిడ అమ్మ ఫైలు చూసి, "ఇక్కడ నో అన్నారేం?" అని అడిగింది.

"పని లేదు కదా" అంది అమ్మ, తనకొచ్చిన ఇంగ్లీషులో.

ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించింది. "మర్నాడే పనికి పిలిస్తే వెళ్ళేవారా?"

"మర్నాడెందుకు? ఆరోజే వెళ్ళేదాన్ని!"

ఆవిడ నవ్వింది. అమ్మ చెప్పింది రాసుకుంది. కొన్ని వారాలకు ఆగిన డబ్బు వచ్చింది.

కంప్యూటర్ ప్రతిసారీ అదే మాటల్లో అడిగింది. మనిషి మాట మార్చి అడిగింది. అంతే తేడా. వెబ్‌సైట్ వద్దని నేను అనను, నాకు అదే సులువు. కానీ పక్కన ఒక కుర్చీ, ఒక మనిషి కూడా ఉండాలి.

కారులో సారీ చెప్పాను. అమ్మ తిట్టలేదు. "మా ఊళ్ళో మీ నాన్న ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకోవడానికి వెళ్తే, గుమాస్తా తెగ విసుక్కునేవాడట. విసుక్కున్నా మనిషే కదరా, ఏ కాగితం తక్కువైందో చెప్పేవాడు" అంది.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో రెండు మాటలు రాసుకున్నాను. దొరకడం. సిద్ధంగా ఉండడం. ఇంగ్లీషులో రెండిటికీ ఒకే మాట. అమ్మ ఏడాదంతా పనికి సిద్ధంగానే ఉంది.

ఇందులో నా తెలుగు తప్పులుంటే చెప్పండి. దిద్దుకుంటాను.