ముగ్గు పడలేదంటే

ఆగిపోయిన ప్రోగ్రామ్ "నేను ఆగిపోయాను" అని చెప్పలేదు. అందుకే సర్వర్లలో హార్ట్‌బీట్ అని ఒకటి పెడతారు. కొన్ని సెకన్లకోసారి ప్రోగ్రామ్ "ఉన్నాను" అని చిన్న మెసేజ్ పంపాలి. అది రాకపోతే కాపలా ఉన్న ఇంకో ప్రోగ్రామ్ కదులుతుంది. అంటే ఇక్కడ కబురు రాకపోవడమే కబురు.

ఇది చదువుతుంటే నాకు మా అమ్మమ్మ వాకిలి గుర్తొచ్చింది. అమ్మమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఆరున్నరకల్లా ముగ్గు పడిపోతుంది. ఎదురింటి పిన్ని పాలకి బయటికొస్తూ అటు ఓ చూపు చూస్తుంది. పోయిన ధనుర్మాసంలో ఒకరోజు ఏడైనా వాకిలి ఊడ్చి లేదు. పిన్ని వెళ్లి చూస్తే అమ్మమ్మ పెరట్లో జారిపడి లేవలేక ఉంది. ఫోన్ లోపల గదిలో ఉంది.

మరి వాన పడిన రోజు? ముగ్గుండదు, అమ్మమ్మ బాగానే ఉంటుంది. సర్వర్లకీ ఇదే తలనొప్పి. ప్రోగ్రామ్ చచ్చిందా, నెమ్మదించిందా, మధ్యలో నెట్‌వర్క్ తెగిందా? బయటినుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. తొందరపడితే బతికున్నదాన్ని చంపి మళ్లీ లేపుతాం. ఆలస్యం చేస్తే యూజర్లు ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు.

సరే, కనిపెట్టాం. తర్వాత? 1986లో స్వీడన్‌లోని ఎరిక్సన్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన తోటివాళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎర్లాంగ్ భాష మీద పని మొదలుపెట్టారు. వాట్సాప్ సర్వర్లు కట్టింది దాంతోనే. అందులో పని చేసే ప్రాసెస్‌లు వేరు, వాటిని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్లు వేరు. తేడా వచ్చిన ప్రాసెస్‌ని పడిపోనిచ్చి, దాని చోట కొత్తదాన్ని మొదటినుంచి మొదలుపెడతారు. ఎప్పుడో ఒకసారి టైమింగ్ కుదిరితేనే వచ్చే తప్పయితే, రెండోసారి మామూలుగా నడిచిపోతుంది.

నాకు బాగా నచ్చింది దీని తర్వాతి నియమం. సూపర్‌వైజర్ అదేపనిగా రీస్టార్ట్ చేస్తూ కూర్చోదు. మనం వేరే చెప్పకపోతే 5 సెకన్లలో 1 రీస్టార్ట్ దాకానే ఓర్చుకుంటుంది. అది దాటితే తన కిందవన్నీ ఆపి, తానూ ఆగిపోయి, సంగతి పై సూపర్‌వైజర్‌కి వదిలేస్తుంది. పిన్ని కూడా అంతే. అమ్మమ్మని తనే లేపాలని చూడలేదు. ముందు 108కి, తర్వాత మామయ్యకి ఫోన్ చేసింది.

అమ్మమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది కానీ వంగి ముగ్గు పెట్టలేదు. ముగ్గుకి బదులు పొద్దున లేవగానే వసారా లైటు ఆర్పితే చాలని మామయ్య అన్నాడు. కరెంటు పోయినా లైటు ఆరుతుంది కదా అన్నాను నేను. "ఉన్నాను" అనే కబురు, ఉన్న మనిషి కదిలితేనే వెళ్లాలి. లేకపోతే ఆ కబురుకి అర్థమే లేదు.

ఇప్పుడు ఆరున్నరకి అమ్మమ్మ వీధి తలుపు రెండు రెక్కలూ తీసి పెడుతోంది. వానొచ్చినా సరే.