లేతూ, ట్యూబ్‌లైటూ, మా నాన్నా

మా ఇంటి వెనక ఒక చెక్క షెడ్డు ఉంది. ఐర్లండులో ఇది మామూలే. అందరూ అందులో గడ్డి కోసే మిషనూ, పాత సైకిళ్ళూ, సగం వాడిన పెయింటు డబ్బాలూ పెట్టుకుంటారు. నేనొక లేతు పెట్టుకున్నాను. 2021 లాక్‌డౌన్‌లో పొద్దస్తమానం స్క్రీను చూసీ చూసీ విసుగెత్తి, ఎవరో అమ్మేస్తుంటే కొన్నాను. బల్ల మీద పట్టేంత చిన్నది. "కొడుకు కూడా టర్నరు కాకూడదని మామయ్యగారు నిన్ను అంత చదివిస్తే, చివరికి ఇదా?" అంది మా ఆవిడ.

నిజమే మరి. మా నాన్న విజయవాడ ఆటోనగర్లో ముప్ఫై ఏళ్ళ పైన లేతు ముందు నిలబడి మమ్మల్ని పెంచారు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నన్ను షాపుకి తీసుకెళ్ళి, స్టూలు మీద కూర్చోబెట్టి, "ఏదీ ముట్టుకోకు" అనేవారు. ఆ షాపులో పైన రేకుల కింద ట్యూబ్‌లైట్లు వెలుగుతుండేవి. అయినా ప్రతి లేతుకీ వంపు గొట్టానికి బిగించిన ఒక పసుపు బల్బు, దానికో రేకు టోపీ తప్పనిసరిగా ఉండేవి. పైన అంత లైటు ఉండగా ఈ గుడ్డిబల్బు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. అడగలేదు కూడా. అడగకపోవడం వల్ల ఎంత పనయిందో చెప్తాను.

2023 నవంబరులో అమ్మా నాన్నా డబ్లిన్ వచ్చారు. చలికాలం ఇక్కడికి రావద్దని ఎంత చెప్పినా విన్లేదు. డిసెంబరులో ఇక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగు దాటగానే చీకటి. అమ్మకి మనవరాలితో కాలక్షేపం. నాన్నకి నా లేతు ఉంది కదా అనుకున్నాను. వచ్చిన మర్నాడే ఉత్సాహంగా షెడ్డులోకి వెళ్ళి, అరగంటలో తిరిగొచ్చేశారు. "చలిగా ఉందిరా" అన్నారు. ఆ తర్వాత మళ్ళీ అటు వెళ్ళలేదు. హీటరు పెట్టినా అంతే. కిటికీ దగ్గర కూర్చుని ఫోన్లో వార్తలు చూసుకునేవారు. నా సరదా లేతు ఆయన కంటికి బొమ్మలా ఆనలేదేమో అనుకుని లోపల్లోపల కాస్త చిన్నబుచ్చుకున్నాను.

షెడ్డులో లైట్లు పాత ఇంటివాళ్ళు బిగించినవే. నాలుగడుగుల ట్యూబులు రెండు, ఒక్కోటి 36 వాట్లు. చలికి అవి ఓ పట్టాన వెలిగేవి కావు, స్టార్టరు టప్ టప్ మంటూ నాలుగైదుసార్లు కొట్టుకునేది. (మందబుద్ధిగాణ్ణి మనం 'ట్యూబ్‌లైట్' అంటామే, మా అమ్మాయికి ఆ తిట్టు అర్థం కాలేదు. దానికి తెలిసిన లైట్లన్నీ నొక్కగానే వెలుగుతాయి. మంచి తిట్టొకటి మన తరంతో పోతోంది.)

జనవరిలో ఒక శనివారం. నేను చెవులకి మఫ్‌లు పెట్టుకుని చిన్న ఇత్తడి ముక్కని తిప్పుతున్నాను. రజను లాగడానికి పక్కనే వ్యాక్యూమ్ హోరుమంటోంది. నాన్న టీ ఇవ్వడానికి వచ్చి వెనక నిలబడ్డారు. కొలత చూద్దామని స్విచ్చి ఆపాను. హోరు తగ్గింది. చక్కు వంక చూస్తే మూడు దవడలూ విడివిడిగా కనిపిస్తున్నాయి, ఆగబోయే ముందు తిరిగినట్టు బద్ధకంగా కదులుతున్నాయి. వెర్నియరు పట్టుకుని చెయ్యి చాపాను.

నా కాలరు పట్టుకుని వెనక్కి లాగారు నాన్న. టీ అంతా నా వీపు మీద.

నేను ఆపింది వ్యాక్యూమ్‌ని. లేతు తిరుగుతూనే ఉంది, నిమిషానికి దాదాపు 2000 చుట్లు.

తర్వాత చాలాసేపు నా చెయ్యి వణుకుతూనే ఉంది. నాన్న లేతు ఆపి, ప్లగ్గు కూడా పీకి, పైన ట్యూబుల వంక చూసి ఒకటే అడిగారు. "మిషను దగ్గర బల్బు ఏదిరా?"

ఇక్కడ మీకు నా సిగ్గులేనితనం చెప్పాలి. ఇందులో ఉన్న సైన్సు నేను ఎమ్మెస్‌లో చదువుకున్నాను. సిగ్నల్ ప్రాసెసింగ్ కోర్సులో దీన్ని ఏలియాసింగ్ అంటారు. సినిమాల్లో జట్కాబండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించేది దీనివల్లే. ఆ ప్రశ్నకి పరీక్షలో ఫుల్ మార్కులు కూడా వచ్చాయి. మన కరెంటు లాగే ఇక్కడిదీ 50 హెర్ట్జ్. మామూలు చోకు ఉన్న ట్యూబు దాని వల్ల సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. కంటికి తెలీదంతే. మూడు దవడల చక్కు నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, ఒక మిణుకుకీ ఇంకో మిణుకుకీ మధ్య సరిగ్గా మూడో వంతు చుట్టు తిరుగుతుంది. అంటే ఒక దవడ ఉన్నచోటికి ఇంకో దవడ వచ్చి కూర్చుంటుంది. చూసేవాడికి చక్కు ఆగినట్టే. వేగం కాస్త అటూ ఇటూ అయితే మెల్లగా తిరుగుతున్నట్టు. పాత పసుపు బల్బులో ఈ గొడవ బాగా తక్కువ. కాలిన తీగ సెకనులో వందో వంతులో చల్లారిపోదు కాబట్టి వెలుగు పెద్దగా తగ్గదు. పెద్ద ఫ్యాక్టరీల్లో పక్కపక్క ట్యూబుల్ని వేరే వేరే ఫేజుల మీద వేసేది కూడా ఈ మిణుకులు ఒకేసారి పడకుండానే.

నాన్నకి ఇవేవీ తెలీవు. "లేతు మీద ట్యూబ్‌లైటుని నమ్మొద్దని మా మేస్త్రి మొదటిరోజే చెప్పాడు" అన్నారు. అంతే.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఇంకో మాట కూడా బయటపడింది. చలి వంకేనట. మొదటిరోజు ఆ లైటులో వెర్నియరు గీతలు కనపడలేదు. ముప్ఫై ఏళ్ళు గీతలు చదివిన మనిషి కొడుకుని పిలిచి "ఎంత ఉందో చూడు" అనడానికి మొహం చెల్లలేదు. అరవై దాటిన కంటి లోపలికి, ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే, మూడో వంతు వెలుగే చేరుతుందంటారు. నాకు సరిపోయిన షెడ్డు ఆయనకి చీకటిగుయ్యారం. రెండు నెలలుగా ఆయన మౌనానికి నేనేవో అర్థాలు తీసుకుంటున్నాను.

సరే, లైట్లు మార్చాలి. పాత ట్యూబులే కొందామన్నా లాభం లేదు. పాదరసం ఉంటుందని యూరప్‌లో 2023 ఆగస్టు నుంచి టీ5, టీ8 ట్యూబుల్ని కొత్తగా మార్కెట్లోకి రానివ్వడం లేదు. చవగ్గా అయిపోతుందని ముందు ఎల్ఈడీ ట్యూబులు తెచ్చాను. పాత ఫిట్టింగులోనే స్టార్టరు తీసి, దాంతో ఇచ్చిన డమ్మీ స్టార్టరు పెడితే చాలు. వెలుగు బ్రహ్మాండం. నాన్న మాత్రం సుద్దముక్కతో చక్కు మీద గీత గీసి, దూరంగా నిలబడి, లేతు వేగం మెల్లగా పెంచమన్నారు. ఒకచోటికి రాగానే గీత ఆగి నిలబడింది! ఎల్ఈడీ అంటే మిణుకు ఉండదనుకోవడం నా భ్రమ. లోపలి డ్రైవరు నాసిరకమైతే అదీ సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, పైగా దానికి పసుపు బల్బుకున్న వేడి నిదానం కూడా లేదు. ఫోను కెమెరా పెట్టి చూస్తే తెరమీద నల్లచారలు పాకాయి. మర్నాడే షాపులో తిరిగిచ్చేశాను.

రెండోసారి చదివి కొన్నాను. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ లైటు పెట్టెల మీద కొత్త ఎనర్జీ లేబుల్ ఉంటోంది. దానిమీద క్యూఆర్ కోడ్ కొడితే ఒక పత్రం వస్తుంది, అందులో ఎస్‌వీఎం అని ఒక అంకె. కదిలే వస్తువుల్ని ఆ లైటు ఎంత మోసం చేస్తుందో చెప్పే కొలత అది. 1 దగ్గర మామూలు మనిషికి కనపడ్డం మొదలవుతుంది. ఎల్ఈడీల్లో 2024 సెప్టెంబరు నుంచి 0.4 దాటకూడదని నిబంధన. నేను సున్నాకి దగ్గరగా ఉన్నవి నాలుగు పట్టుకున్నాను, ఒక్కోటి 20 వాట్లు, సుమారు 2400 ల్యూమెన్లు. పన్నెండు చదరపు మీటర్ల షెడ్డులో బల్ల మీద 500 లక్సు కావాలంటే, గోడలూ మూలలూ మింగేది పోను అంత కావాల్సిందే. రంగు 4000 కెల్విన్. మనవాళ్ళకి పాలలా తెల్లటి లైటు ఇష్టం, ఇక్కడివాళ్ళకి దీపంలా పచ్చటిది. నేను మధ్యేమార్గం. పైకి కాకుండా బల్లకి దగ్గరగా ఇంకో చిన్న లైటు కూడా, వంపు గొట్టంతో. అది నాన్న షరతు. వైరింగు ఎలక్ట్రీషియన్ చేత చేయించాను. నాన్నకి ఆ డబ్బు దండగ అనిపించింది.

"బిల్లెంత తగ్గుతుంది?" అని మా ఆవిడ. పాతవి చోకులతో కలిపి 90 వాట్లు, కొత్తవి 80. ఏడాదికి మూడొందల గంటలు వాడితే మిగిలేది 3 యూనిట్లు, అంటే ఇక్కడి రేటున ఒక యూరో చిల్లర. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

మొదటిసారి వెలిగించినప్పుడు బయటపడ్డ సాలెగూళ్ళూ, దుమ్మూ చూసి నేనే సిగ్గుపడ్డాను. పక్కింటి పెద్దాయన తొంగిచూసి నవ్వాడు. ఐర్లండు పల్లెలకి కరెంటు ఇచ్చే పని 1946లో డబ్లిన్‌కి ఉత్తరాన కిల్‌సాలహన్‌లో మొదటి స్తంభం పాతి మొదలుపెట్టారు. వీళ్ళ ఊరు మేయోలో, అక్కడికి చాలా ఏళ్ళకి గానీ రాలేదు. బల్బు వెలిగిన రాత్రి వాళ్ళమ్మ సంతోషించలేదట, మర్నాడు సున్నం వేయించేదాకా చుట్టాల్ని గుమ్మం తొక్కనివ్వలేదట.

నాన్న మళ్ళీ సుద్దగీత పరీక్ష పెట్టారు. ఏ వేగంలోనూ గీత ఆగలేదు, మసకచారలా తిరుగుతూనే ఉంది. అప్పుడు స్వెట్టరు చేతులు పైకి మడిచి, "ఆ ఇత్తడి ముక్క ఇలా తే" అన్నారు. నాలుగు రోజులు కూర్చుని మా ఆవిడకి కుంకుమ భరిణె చేశారు. మూత బిగువు చూడ్డానికి వెర్నియరు ఆయనే పట్టుకున్నారు. "ముప్ఫై ఒకటి పాయింట్ నలభై రెండు, రాసుకో" అన్నారు, నేను అడక్కుండానే.

పాత ట్యూబుల్ని రీసైక్లింగ్ సెంటరుకి పట్టుకెళ్ళాం. పగిలితే పాదరసమని నాన్న దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, "పనిచేసేవాటిని పారేస్తున్నాం" అని సణుగుతూ. వెళ్ళేముందు ఆటోనగర్ స్నేహితుడి షాపుకి ఒక లైటు పట్టుకెళ్తానని పట్టుబట్టారు. నాలుగడుగులది ఏ సూట్‌కేసులోనూ పట్టలేదు. అయినా అక్కడ ఇంతకంటే చవగ్గా బోలెడు దొరుకుతాయి కదా.

మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే వెనక ఆ స్నేహితుడి గొంతు వినిపించింది. ఎస్‌వీఎం అంటే కొట్లో వాడు మొహం తేలేశాడట.

"దానికేంటోయ్, వెలిగించమని చెప్పి ఫోను కెమెరా పెట్టి చూడు. చారలు పాకితే కొనకు" అంటున్నారు నాన్న.