సర్కారు బాణం, తాత చుక్కలు



ఈ వారం పుస్తకం గురించి కాదు, పానాల గురించి రాస్తున్నాను. నట్లు బిగించే, విప్పే పానాలే. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి ఈ ఇనుప సామానేంటని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన నవ్వాడు. రాత ఎక్కడుంటే అక్కడ చదవడమే కదా మా పని! రాయి మీద రాసినదాన్ని శాసనమని చదువుతాం, రాగిరేకు మీద ఉన్నదాన్నీ చదువుతాం. ఇనుము మీద ఉన్నదాన్ని మాత్రం పాత ఇనుప కొట్టులో తూకానికి వేస్తాం. ఎందుకంటే అది మన ఇళ్ళలో ఉంటుంది.

మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వర్క్‌షాపులో హెల్పర్‌గా పనిచేసి, ఇంటికొచ్చాక మైలవరం చుట్టుపక్కల మామిడి తోటల్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని సరుకు బయట అమ్మకానికి వచ్చింది. ఆ సరుకులోవే కొన్ని పానాలు బెజవాడలో కొనుక్కున్నాడు. ఖాకీ గుడ్డ సంచిలో చుట్టి పెట్టుకునేవాడు. సంచికి ఎనిమిది జేబులున్నాయి. ఇప్పుడు మా దగ్గరున్నవి ఏడు పానాలు. ఎనిమిదోదాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఈ రాతలు ఎలా చదవాలో చూద్దాం. మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉండొచ్చు.

మొదట వెతకాల్సింది బాణం గుర్తు. మూడు గీతలు పైన ఒకచోట కలుస్తాయి, కాకి కాలి ముద్రలా ఉంటుంది. అది బ్రిటిష్ సర్కారు ఆస్తి అనే ముద్ర. బాణంతో పాటు 'ఐ' అక్షరం ఉంటే ఇండియా సర్కారుది. 'సి' అక్షరం లోపల బాణం ఉంటే కెనడాది. రెండు 'డి'ల మధ్య ఉంటే ఆస్ట్రేలియాది. ఒక్క గుర్తుతో ఆ సామ్రాజ్యం ఎంత దూరం పాకిందో తెలిసిపోతుంది.

రెండోది తయారుచేసినవాళ్ళ పేరు. బుల్‌డాగ్ బొమ్మతో 'కింగ్ డిక్' అని ఉంటే అది బర్మింగ్‌హామ్ సరుకు. నత్త బొమ్మ ఉంటే అదీ అక్కడిదే, థామస్ స్మిత్ కంపెనీది. మూడోది సంవత్సరం. 1941, 1943 అని పూర్తిగానో, చివరి రెండంకెలుగానో కొడతారు. అది పానా తయారైన ఏడాది, మన చేతికి వచ్చిన ఏడాది కాదు. ఈ తేడా మర్చిపోవద్దు.

నాలుగోది సైజు. ఇక్కడ చాలామంది తికమకపడతారు. పానా మీద 1/4 పక్కన 'డబ్ల్యూ' అని ఉంటే నోరు పావు అంగుళమని కాదు. పావు అంగుళం లావున్న విట్‌వర్త్ బోల్టుకు సరిపోతుందని. నోరు నిజానికి అర అంగుళం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. అదే పానా మీద 5/16 పక్కన 'బిఎస్' అని కూడా ఉండొచ్చు. అది సన్న మరల బోల్టు లెక్క. అమెరికా పానాల మీద మాత్రం నోటి వెడల్పే రాస్తారు. మన తోటల్లోకి వచ్చిన లిస్టర్ రకం ఇంజన్లకు విట్‌వర్త్ మరలే ఉండేవి. అందుకే యుద్ధం కోసం చేసిన పానా మామిడి తోటలో నీళ్ళు తోడించింది.

యుద్ధకాలం పానాల్లో చాలావాటికి తళతళలాడే పూత ఉండదు, నల్లగా ఉంటాయి. క్రోమియం, నికెల్ యుద్ధ సామగ్రికే సరిపోలేదు మరి.

ఇంతవరకూ పాత సామాన్లు పోగుచేసే ఎవరైనా చెప్తారు. వాళ్ళు చెప్పనిది ఇంకొకటి ఉంది. మా తాత పానాలన్నిటి మీదా పిడి చివర మూడు చుక్కలున్నాయి. సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో కొట్టినవి. తాతకు సంతకం రాదు. నలుగురు పనిచేసే చోట ఎవరి పానా ఎవరిదో తెలియడానికి మెకానిక్కులు ఇలా చుక్కలో, గాట్లో పెట్టుకుంటారు. సర్కారు గుర్తుంది, కంపెనీ గుర్తుంది, పనిచేసినవాడి గుర్తు మాత్రం వాడే కొట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎనిమిదో పానా. నాన్నకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఒక ఆసామి తోటలో ఇంజన్ సామాను ఏదో పోయింది. వెతుక్కుంటూ నేరుగా మా వాడకే వచ్చారు. తాత సంచి విప్పించారు. బాణం గుర్తు చూసి, "ఇది సర్కారు సొమ్మురా, నీ దగ్గరికెట్టా వచ్చింది?" అన్నారు. డబ్బులిచ్చి కొనుక్కున్నానన్నాడు తాత. రసీదు చూపించమన్నారు. పదేళ్ళు దాటిన పానాకు రసీదు ఎవడు దాస్తాడు? అన్నిటిలోకీ పెద్ద పానా పట్టుకుపోయారు. నెల తిరక్కుండా అదే తోటలో ఇంజన్ ఆగిపోయింది. తాతనే పిలిచారు. ఆ పానానే చేతికిచ్చి విప్పమన్నారు. విప్పాడు, బిగించాడు. సాయంత్రం మళ్ళీ లెక్కగా వెనక్కి తీసుకున్నారు. దాని మీద మూడు చుక్కలు వాళ్ళకి కనపడలేదా? కనపడ్డాయి. వాళ్ళ దృష్టిలో అది రాత కాదు, అంతే.

ఇవాళ అదే బాణం గుర్తు పానాకు మంచి ధర పెంచుతోంది. ఆ మధ్య పాత సామాన్లు కొనే ఒకాయన ఫోటోలు చూసి, బాణం స్పష్టంగా ఉందని సంబరపడ్డాడు. చుక్కలు మాత్రం 'డ్యామేజీ' అన్నాడు. ఎమరీ పట్టించి చెరిపేస్తే ఇంకాస్త ఎక్కువ వస్తుందన్నాడు. షోకేసులో ఉంటే ఆ బాణం సర్టిఫికెట్. వాడలో ఉంటే దొంగతనానికి రుజువు. ఇనుము మారలేదు, ముద్రా మారలేదు. పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే మారింది. కులం పుస్తకాల్లోనే కాదు, పానా చదవడంలోనూ ఉంటుంది.

ఆ ముద్రల మీది సంవత్సరాలను మన చరిత్ర పక్కన పెట్టి చూడండి. 1941లో జాషువా 'గబ్బిలం' వచ్చింది. అదే ఏడాది మహార్ రెజిమెంట్ ఏర్పడింది. 1942 జులైలో బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరయ్యారు. అక్టోబర్లో వైస్రాయికిచ్చిన మెమొరాండంలో సర్కారు ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలకు అప్రెంటిస్ శిక్షణ ఇవ్వాలని అడిగారు. డిగ్రీలు మాత్రమే కాదు, పానా కూడా అడిగారాయన. 1943లో చమార్ రెజిమెంట్ పెట్టారు, 1946లో రద్దు చేశారు. సర్కారు తుపాకుల్ని అమ్మేసేటప్పుడు రెండు బాణాలు మొనకు మొన తగిలేలా ముద్ర వేసేవాళ్ళు, ఇక ఇది మాది కాదు, కొన్నవాడిదని. వస్తువుకైనా ఆ మర్యాద దక్కింది. పని అయిపోయాక ఇంటికి పంపిన మనుషులకు, వాళ్ళు కొనుక్కున్నది వాళ్ళదేనని ఊరికి చెప్పే ముద్ర ఎవరూ వేయలేదు.

అందుకని తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక పని చెప్తున్నాను. ఇంట్లో తాతలవి, నాన్నలవి పాత పనిముట్లు ఉంటే బయటికి తీయండి. పానా, సుత్తి, ఆరె, గూటం, ఏదైనా సరే. ఎమరీ వద్దు, గ్రైండింగ్ వీల్ అసలే వద్దు. కిరసనాయిల్లో నానబెట్టి గుడ్డతో తుడవండి. గుంటల్లో సుద్దపొడి రుద్దితే అక్షరాలు తెల్లగా లేస్తాయి. పల్చటి కాగితం పరిచి పెన్సిల్ అడ్డంగా రుద్దండి, శాసనానికి నకలు తీసినట్టే. కంపెనీ గుర్తుతోపాటు చుక్కల్ని, గాట్లని కూడా ఎక్కించండి. వెనకాల ఎవరు వాడారో, ఎక్కడ వాడారో, ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయండి. తెలియకపోతే తెలియదనే రాయండి, కల్పించొద్దు.

అమ్మొద్దని నేను చెప్పను. ఫీజు కట్టాల్సిన ఇంటికి ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. అమ్మే ముందు నకలు తీసుకోండి. చుక్కలు చెరిపితేనే కొంటానన్నవాడికి మాత్రం అమ్మకండి. వచ్చే వారం మీరు పంపిన నకళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుందాం.

జై భీమ్.