మజిలీ వచ్చువఱకు

మేము చెప్పబోవు మాట విని మీలో కొందఱు నవ్వుదురేమో, కొందఱు కోపింతురేమో. రాత్రి వంటిల్లు కడిగి, పాలు తోడుపెట్టి, పిల్లల దుప్పట్లు సరిచేసిన పిదప మేమొక అరగంట కంప్యూటరు ముందు కూర్చుండి, కత్తియు డాలును ధరించి, గోబ్లినులనెడు మఱుగుజ్జు రక్కసులతో పోరాడుచుందుము. మావారు బడిపంతులు. ఆటలలో మునిగి పాఠములు మఱచు బాలురను మందలించుట వారి నిత్యకృత్యము. అట్టి యింట నిట్టి యిల్లాలెట్లు తయారైనదో చెప్పెదము.

తప్పు మాదే. గడచిన వేసవిలో నొకరాత్రి, శాలిబండ చేరువనున్న మాయింట, పది గంటలైనను మా పెద్దవాడు కంప్యూటరు వదలలేదు. వానికి పదునాలుగేండ్లు. మూడుమాఱులు భోజనమునకు పిలిచితిమి. "అమ్మా, ఒక్క అయిదు నిమిషాలు! నడుమ బంద్ చేస్తే మావోళ్ళందరు సచ్చిపోతరు" అని తల త్రిప్పకయే బదులు పలికెను. మాకు సహనము తప్పి గోడనున్న ఇంటర్నెట్టు పెట్టె తీగను లాగివేసితిమి. అప్పుడు వాడు మమ్ము చూచిన చూపును మఱువజాలము. అందు కోపముకంటె దుఃఖమే హెచ్చుగ నుండెను. ఆ రాత్రి వాడన్నము ముట్టలేదు. నాలుగు దినములు "ఊ", "ఆ" యనుట దక్క మాతో మాటలాడలేదు.

అయిదవనాడు మేమే వాని చెంత కూర్చుండి, ఆ రాత్రి యేమి జరిగినదో చెప్పుమని బతిమాలితిమి. ఆ యాట పేరు రూన్‌స్కేప్. ఇంగ్లాండున కేంబ్రిడ్జియందలి గోవర్ సోదరులు దానిని 2001లో వెలువరించిరి. దాని పాతరూపము 2013లో మరల వచ్చినది. పాతబడిన కంప్యూటరులోనైనను నడచును. కొంతభాగము వెల లేకయే ఆడవచ్చును. ఆ లోకము మన యింటి పెట్టెలో నుండదు. ఎచ్చటనో దూరమున నున్న యంత్రములలో నుండును. వేలకొలది జనులు ఏకకాలమున నందు సంచరింతురు. కావున పుస్తకము మూసినట్లు దానిని నడుమ నాపుటకు వీలులేదు. మావాడు ఆ రాత్రి ముగ్గురు చెలికాండ్రతో గూడి, ఆటకాండ్రు ఒకరినొకరు చంపి సొత్తు దోచుకొన వీలున్న అడవిసీమలో నుండెను. మేము తీగ లాగగానే వాని బొమ్మ కొయ్యవలె నిలిచిపోయెను. శత్రువులు వానిని కూల్చి, ఆరునెలలు శ్రమించి కూర్చుకొన్న కవచమును గొనిపోయిరి. వానిని కాపాడబోయి మఱియొక చెలికాడును పడిపోయెను.

ఇది విన్నంతనే మాకు ప్రవరుడు జ్ఞప్తికి వచ్చెను. మా తాతగారు మాకు మనుచరిత్రమును ఇంటనే చెప్పిరి. సిద్ధుడొసగిన పాదలేపము మంచున కరగిపోగా, ఇల్లు చేరు తెరవు లేక ఆ బ్రాహ్మణుడు పడిన తల్లడమునకు మేము చిన్ననాడు కన్నీరు పెట్టితిమి. పెద్దనగారి నాయకునకు జరిగినచో కావ్యము, మా కుమారునకు జరిగినచో పనికిమాలిన ఆటయునా?

అంతియకాదు. ఆ పాఠముల కాలముననే, వసుచరిత్రము క్రింద దాచి, మా పినతండ్రిగారు కుట్టించిన పాత చందమామ సంపుటములు చదివెడివారము. దాసరి సుబ్రహ్మణ్యముగారు 1954లో తోకచుక్కతో మొదలిడి, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, శిథిలాలయము, యక్షపర్వతము మొదలగు ధారావాహికలను వ్రాసిరి. శిఖిముఖి వెంట విక్రమకేసరి, ఖడ్గవర్మ వెంట జీవదత్తుడు. ఆ కథలలో నొంటరిగా పోయి గెలిచినవాడు అరుదు. మా తల్లి పిలిచినపుడు మేమును "ఒక్క పుట" అనియే బదులు చెప్పెడివారము. ఆమె లైటు ఆర్పివేసినను, మఱునాడు శిఖిముఖి అదే పుటలో మాకొఱకు వేచియుండెడివాడు. మా కుమారుని శిఖిముఖి వేచియుండడు. ఈ భేదము తెలియకయే మేము తీగ లాగితిమి.

క్షమాపణ కోరుట తల్లికి సులభము కాదు. "మాకును ఆ యాట నేర్పుము" అని యడిగితిమి. వాడు తెల్లబోయి, పిదప నవ్వెను.

కత్తి పట్టుదుమని పోయిన మాకు తొలి సాహసకార్యమేమనుకొన్నారు? కోటలోని వంటవాడు ప్రభువు పుట్టినదినమునకు కేకు చేయవలెనట. వానికొక గ్రుడ్డును, కడవెడు పాలును, కుండెడు పిండియు తెచ్చియీయవలెను! పొలమున గోధుమ కోసి, మర పైయంతస్తున పోసి, క్రిందికి దిగి పిండి యెత్తుకొంటిమి. ఇరువదియేండ్లుగ వంట చేయుచున్న మేము అందు కాల్చిన తొలిరొట్టె మాడిపోయెను. అందు వంటయును మెట్టుమెట్టుగ నేర్వవలసిన విద్యయట. మావాడు పొట్ట చెక్కలగునట్లు నవ్వెను. నాలుగు దినముల మౌనము ఆ మాడిన రొట్టెతో ముగిసినది.

ఆటలో మన సంచియందు ఇరువదియెనిమిది వస్తువులకే చోటు. ఈ సంగతి ప్రక్కయింటి ఖాలాజాన్‌తో చెప్పగా నామె, "మా అమర్ అయ్యార్ జంబీల్ ముందు అదెంత!" అనెను. హమ్జా వీరుని కథలలో అమర్ అనెడు మాయావి సంచి పేరు జంబీల్. లోకములన్నియు నందు పట్టునట. లక్నోలో నవల్ కిషోర్ ముద్రణాలయము వారు ఆ కథలను నలుబదియాఱు సంపుటములుగ నచ్చువేసిరి. అందలి తిలిస్మ్ అనెడు మాయాలోకమును ఛేదింపవలెనన్న, దారి చూపు పలకను ముందు సంపాదింపవలెను. నేటి ఆటలలోని తాళపుచెవుల వెదకులాటయు నదియే.

దూరదేశపు సంగతి యొకటి మా మనస్సును కదలించినది. నార్వే దేశమున మాట్స్ స్టీన్ అను యువకుడు కండరములు క్షీణించు వ్యాధితో 2014లో, తన ఇరువదియైదవయేట మరణించెను. బిడ్డ స్నేహితులు లేకయే పోయెనని తల్లిదండ్రులు కుమిలిరి. మరణవార్త తెలిపినంతనే దేశదేశములనుండి లేఖలు వచ్చినవి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆటలో ఇబెలిన్ అను పేర నాతడు ఎందఱికో ఆప్తుడై, ఓదార్పు నిచ్చెనట. కొందఱు అంత్యక్రియలకును వచ్చిరి. ఈ కథ 2024లో చిత్రరూపమున వెలువడినది. ఆ తల్లిదండ్రులకు తెలిసినది కుమారుడు పోయిన పిదప. మాకు కుమారుడు ప్రక్కగదిలోనే యున్నాడు.

ఇట్లనుటచే ఆటలన్నియు మేలని మేమనము. అదుపు తప్పి, చదువును, నిద్రను, బంధువులను మ్రింగి, హాని కనుపించుచున్నను మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో వ్యాధుల పట్టికయందు చేర్చినది. పందెపుటాటలు వేఱు. తెలంగాణమున 2017లోనే ఆన్‌లైను పందెములు నిషేధింపబడినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టము చేసినది. బిడ్డ ఆడునది యేది, ఎవ్వరితో, సొమ్ము పోవుచున్నదా యని తల్లి యెఱుగవలయును. ప్రక్కన కూర్చుండనిదే యెట్లెఱుగును?

మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీలలో మణిసిద్ధుడు గోపకుమారునకు ఒక్కొక మజిలీలో నొక్కొక కథ చెప్పును. మాయింటను అదే నియమమైనది. ఆటకు ముందే ఆ రాత్రి మజిలీ యెచ్చటనో వాడు చెప్పవలెను. అది చేరువఱకు మేము పిలువము. చేరినపిదప వాడు నిలువడు. తొమ్మిదిన్నర దాటు మజిలీ పనికిరాదు. మావారు మొదట ముఖము ముడిచిరి గాని, పరీక్షల నెలలో ఆట లేదను షరతుతో నంగీకరించిరి. ఆ షరతు మాకును వర్తించునట!

మొన్న రాత్రి మేమొక గోబ్లినుతో తలపడియుండగా మావారు మంచినీళ్లడిగిరి. "ఒక్క అయిదు నిమిషాలు!" అనునది మా నోటనుండి తనంత వెలువడెను. మావాడు కిసుక్కున నవ్వి, తానే లేచి చెంబు అందుకొనెను.