ఫ్లోరైడ్: ఒక్క మాట, రెండు కొలతలు

తాగునీటిలో ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న ఊళ్ళలో దాన్ని కొలిచి కలపడాన్ని ఫ్లోరిడేషన్ అంటారు. అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్నంలో 1945 జనవరి 25న ఈ పని మొదటిసారి మొదలైంది. లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున కలిపారు. పదకొండేళ్ళకు చూస్తే, కలపడం మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో పిప్పిపళ్ళు 60 శాతానికి పైగా తగ్గాయి. ఇప్పుడు అక్కడ సిఫారసు చేసే మోతాదు 0.7 మిల్లీగ్రాములే.

ఈ మేలు ఒక కీడును వెతుకుతుంటే దొరికింది. ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడివాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. కారణం నీటిలోని ఫ్లోరైడేనని 1931లో తేలింది. ఆ మచ్చల పళ్ళు అంత సులువుగా పుచ్చడం లేదని మెకే అంతకుముందే గమనించాడు. మచ్చ పెద్దగా పడకుండా, పుచ్చు తగ్గేలా ఉండే కొలతను ట్రెండ్లీ డీన్ అనే పరిశోధకుడు ఊరూరి నీళ్ళు పరీక్షించి పట్టుకున్నాడు.

తీపి తిన్నాక నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లం పుట్టిస్తాయి. అది పంటి మీది పింగాణీ పొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. లాలాజలంలో కాస్త ఫ్లోరైడ్ ఉంటే కరిగిన ఖనిజం తిరిగి చేరుతుంది, అదీ మునుపటికంటే గట్టిగా. మోతాదు మించితే కథ వేరు. పళ్ళు తయారయ్యే ఎనిమిదేళ్ళలోపు ఆ నీళ్ళు తాగినవాళ్ళకు మచ్చలు పడతాయి. ఏళ్ళ తరబడి మరీ ఎక్కువగా ఒంట్లో చేరితే ఎముకలు బిగుసుకుని నడుం వంగిపోతుంది.

తెలుగు నేలకు తెలిసింది ఈ రెండో ముఖమే. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు గుర్తించి రాశారు. పటిక, సున్నంతో నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఒక దేశంలో కలిపేది, ఇక్కడ తీసేది ఒకే పదార్థం. తేడా అంతా కొలతలోనే ఉంది.

ఈ చిన్న మాట చెప్పి చెప్పి దంతవైద్యుల గొంతు ఎండిపోతోంది. హైదరాబాదులో ఒక క్లినిక్. నాలుగేళ్ళ బాబు, బుగ్గ వాచింది, రాత్రంతా నిద్రలేదు, దవడపన్ను గుంటలో లవంగనూనె దూది. ఫ్లోరైడ్ పేస్టు వాడమనగానే తల్లి జంకుతుంది: "మా పుట్టిల్లు మునుగోడు దిక్కు సారూ. మా నాయిన నడుం ఎట్ల వంగిపోయిందో కండ్లార చూసిన. గా మందున్న పేస్టు బిడ్డకెట్ల పెడత?" ఆమె భయం అబద్ధం కాదు, ఒక తండ్రి ఒంటి మీద రుజువైన నిజం. కానీ పుట్టింటి ఆ బోరు నీళ్ళు ఇప్పుడు ఈ ఇంట్లో లేవు. ఇక్కడ తాగేది ఆర్వో నీళ్ళు, వాటిలో ఫ్లోరైడ్ దాదాపు మిగలదు. పేస్టులోనూ లేకుండా చూసుకుంది. పాలసీసా మాత్రం రాత్రంతా బిడ్డ నోట్లోనే ఉంది. తాతను కుంగదీసిన పదార్థం మనవడికి అసలు అందనే లేదు.

దీనికి తలకిందులుగా, ఫ్లోరైడ్ ఎక్కువున్న పల్లెల్లో నీళ్ళు మరిగించి పెడితే చాలనుకునేవాళ్ళు ఉన్నారు. మరిగిస్తే నీళ్ళు ఇగురుతాయి, ఫ్లోరైడ్ ఇగరదు, ఇంకా చిక్కబడుతుంది. బట్టలో వడగట్టినా పోదు. మచ్చపళ్ళను ఇటుకపొడితో రుద్దితే మచ్చ పోకపోగా పింగాణీ అరిగిపోతుంది. ఆ పిల్లలకు మొదట మారాల్సింది నీళ్ళు.

నీటిలో కలపడం ఆపేసిన పట్నాలూ ఉన్నాయి. కెనడాలోని కాల్గరీ 2011లో ఫ్లోరైడ్ కలపడం ఆపేసింది. ఏడెనిమిదేళ్ళ తర్వాత రెండో తరగతి పిల్లల్ని పరీక్షిస్తే, కాల్గరీలో సుమారు 65 శాతం మందికి, కలపడం ఆపని ఎడ్మంటన్‌లో 55 శాతం మందికి పుచ్చు కనిపించింది. 2025లో కాల్గరీ మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. ఫ్లోరైడ్ పేస్టులు ఇంటింటికీ చేరాక నీటిలో కలపడం వల్ల వచ్చే అదనపు మేలు మునుపటంత లేదన్నదీ నిజమే.

భారతదేశంలో నీటికి ఫ్లోరైడ్ కలపరు, కాబట్టి ఆర్వో నీళ్ళ ఇళ్ళలో ఆ పని పేస్టే చేయాలి. మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆరేళ్ళ వరకు బఠానీగింజంత. మింగకుండా ఉమ్మేదాకా పెద్దవాళ్ళు పక్కన నిలబడాలి. బోరు నీళ్ళు తాగే ఇంట్లో ముందు ఆ నీళ్ళు పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికీ వంటకూ పనికిరావు.